యజమానులారా, మీ లెక్కకు జోహారు

అమెరికా బేస్‌బాల్ క్లబ్బుల యజమానులారా! మీ ముప్పై క్లబ్బుల పెద్దలనూ పొగడాలని కూర్చున్నాను. మీ సంపదను పొగిడేవాళ్లకు మీ చుట్టూ కొదవ లేదు. నేను పొగిడేది మీ విద్యను. ఆటగాడి ఒంట్లో సత్తువ నిండుగా ఉన్న ఏళ్లలోనే అతనికి తక్కువ ముట్టజెప్పడం, ఆ తర్వాత అతను నోరు తెరిచి అడిగితే అత్యాశపరుడన్న పేరు అతనికే అంటేలా చూడడం, ఇదీ మీ విద్య. ఇందులో మీకు సాటి వచ్చేవాళ్లు నాకు కనబడలేదు. ఇది ఒకటి రెండేళ్లలో అబ్బింది కాదు. తాతల నాటి నుంచి దాదాపు నూట యాభై ఏళ్లు సాధన చేసి నిలబెట్టుకున్నారు. ముఖస్తుతి అనుకోకండి, రుజువులు చూపిస్తాను.

మన పత్రికల్లో బేస్‌బాల్ వార్త రావడమే అరుదు. వచ్చిందంటే అది ఎవరో ఒకరి జీతం గురించే. 2023 డిసెంబర్‌లో షోహెయ్ ఒటానీ పదేళ్లకు 70 కోట్ల డాలర్ల ఒప్పందంతో లాస్ ఏంజెలిస్ డాడ్జర్స్‌లో చేరాడు. ఏడాది తిరిగేసరికి హువాన్ సోటో పదిహేనేళ్లకు 76.5 కోట్ల డాలర్లకు న్యూయార్క్ మెట్స్‌కు వచ్చాడు. బంతిని కర్రతో కొట్టినందుకు ఇంత డబ్బా అని మనవాళ్లూ ముక్కున వేలేసుకున్నారు. ఒటానీ ఒప్పందంలో 68 కోట్లు 2034 నుంచి 2043 దాకా ఇచ్చేవని, ఆడే పదేళ్లూ క్లబ్బు నుంచి ఏటా అతని చేతికందేది 20 లక్షల డాలర్లేనని ఎంతమందికి గుర్తుంది? సోటోకు జీతమిచ్చే మెట్స్‌ను స్టీవ్ కోహెన్ 2020లో దాదాపు 240 కోట్ల డాలర్లు పెట్టి కొన్నాడని ఎవరు చెప్పుకున్నారు? ఆటగాడి జీతం వీధి వీధికీ తెలుస్తుంది, యజమాని రాబడి గడప దాటదు. అట్లాంటా బ్రేవ్స్ స్టాక్ మార్కెట్‌లో ఉంది కాబట్టి దాని లెక్కలు బయటికి వస్తాయి. మిగతా క్లబ్బుల ఖాతాలు పూర్తిగా చూసే వీలు టికెట్టు కొనే జనానికి లేదు. ఇంతమంది అభిమానుల చూపును ఇన్ని దశాబ్దాలు ఒకే జేబు మీద నిలిపి ఉంచడం చిన్న పని కాదు.

మీ విద్యలో అన్నిటికన్నా సూక్ష్మమైనది రోజులు లెక్కపెట్టడం. తెలియనివాళ్ల కోసం నియమం రెండు ముక్కల్లో చెబుతాను. మేజర్ లీగ్‌లోకి వచ్చిన కుర్రాడు ఆరేళ్ల సర్వీసు నిండేదాకా వేరే క్లబ్బుతో బేరమాడుకోలేడు. మామూలుగా మొదటి మూడేళ్లు క్లబ్బు ఎంతిస్తే అంతే, కనీస జీతానికి తగ్గకపోతే చాలు. ఆ తర్వాతి మూడేళ్లు జీతం తగువు మధ్యవర్తుల దగ్గర తేల్చుకోవచ్చు. ఆరేళ్లూ నిండితేనే స్వేచ్ఛ. సీజన్ ఇంచుమించు 187 రోజులు ఉంటుంది. అందులో 172 రోజులు జట్టు జాబితాలో ఉంటే ఏడాది సర్వీసు పూర్తయినట్టు.

2015 వసంతంలో చికాగో కబ్స్ శిబిరంలో క్రిస్ బ్రయంట్ అనే కుర్రాడు సన్నాహక మ్యాచ్‌లలో తొమ్మిది హోమ్ రన్లు బాదాడు. ఆ వసంతంలో అంతకన్నా ఎక్కువ కొట్టినవాడు లేడు. సీజన్ మొదలయ్యే ముందు కబ్స్ అతన్ని మైనర్ లీగ్‌కు పంపింది. ఫీల్డింగ్ ఇంకా మెరుగుపడాలని కారణం చెప్పింది. ఏప్రిల్ 17న వెనక్కి పిలిచింది. ఏడాది చివర లెక్క చూస్తే అతని ఖాతాలో 171 రోజులు తేలాయి. ఒక్క రోజు తక్కువ. ఆ ఒక్క రోజు అతని స్వేచ్ఛను 2020 నుంచి 2021కి జరిపింది.

ఆ ఏడాది అతను నేషనల్ లీగ్‌లో ఉత్తమ కొత్త ఆటగాడు. మరుసటి ఏడాది ఆ లీగ్ మొత్తానికీ అత్యంత విలువైన ఆటగాడు. ఆ ఏడాది అతనికి ఇచ్చిన జీతం 6 లక్షల 52 వేల డాలర్లు. 2016 ప్రపంచ సిరీస్‌ ఏడో మ్యాచ్ క్లీవ్‌లాండ్‌లో జరిగింది. వాన వల్ల కాసేపు ఆగి, పదో ఇన్నింగ్స్‌లోకి వెళ్లింది. చివరి బంతి మూడో బేస్ వైపు నెమ్మదిగా దొర్లుకుంటూ వచ్చింది. బ్రయంట్ ముందుకు ఉరికి అందుకున్నాడు. తడి గడ్డి మీద కాలు జారింది. జారుతూనే మొదటి బేస్‌కు విసిరాడు. ఆ ఫొటోలు, వీడియోలు ఇప్పటికీ దొరుకుతాయి, చూడండి. బంతి చేయి దాటకముందే అతని మొహమంతా నవ్వు పరుచుకుని ఉంటుంది. 108 ఏళ్ల తర్వాత కబ్స్ విజేత అయింది. ఫీల్డింగ్ బాగుపడాలని వెనక్కి పంపిన మనిషి ఫీల్డింగ్‌తోనే కప్పు తెచ్చిపెట్టాడు. పోయిన ఆ ఒక్క రోజు కోసం అతను ఫిర్యాదు చేశాడు. 2020లో మధ్యవర్తి దాన్ని కొట్టేశాడు. 2021 జూలైలో కబ్స్ అతన్ని శాన్ ఫ్రాన్సిస్కోకు ఇచ్చేసింది. నూరేళ్ల దాహం తీర్చినవాడి విషయంలో కూడా మనసు మెత్తబడనివ్వకుండా, గీసిన గీత మీద నిలబడ్డారు. ఇంతటి నిబ్బరం అందరికీ సాధ్యం కాదు.

మీ కట్టుబాటును కూడా చెప్పాలి. ఈ రోజుల లెక్క గురించి అందరికీ తెలుసు, కానీ మీలో ఎవరూ బయటికి అనరు. 2021 ఫిబ్రవరిలో సియాటిల్ మారినర్స్ అధ్యక్షుడు కెవిన్ మేథర్ ఒక రోటరీ క్లబ్బు సమావేశంలో తమ కుర్రాళ్లను పైకి ఎప్పుడు పిలుస్తారో, ఎందుకు ఆలస్యం చేస్తారో ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఆ వీడియో బయటపడింది, ఆయన పదవి పోయింది. ఆయన ఇతర ఆటగాళ్ల గురించి అన్న మాటలు తప్పే. రోజుల సంగతి మాత్రం నిజం. ఆ మాట అన్నవాడు వెళ్లిపోయాడు, ఆ పద్ధతి ఉండిపోయింది.

ఆరేళ్లు ఆగాలంటే భయం. మోకాలు పోవచ్చు, భుజం పోవచ్చు. ఆ భయం ఎవరిలో ఎంత ఉందో మీరు ఇట్టే పసిగడతారు. 2019 ఏప్రిల్‌లో అట్లాంటా బ్రేవ్స్ కురసావ్ దీవి నుంచి వచ్చిన ఇరవై రెండేళ్ల ఓజీ ఆల్బీస్‌తో ఏడేళ్లకు 3.5 కోట్ల డాలర్లకు సంతకం పెట్టించుకుంది. క్లబ్బుకు ఇష్టమైతే ఇంకో రెండేళ్లు, ఏడాదికి 70 లక్షల చొప్పున. అప్పటికే అతను ఆల్-స్టార్. సంతకం చేసింది అతనే, బలవంతమేమీ లేదు. అతని భయానికి సరిగ్గా ఎంత ధర కట్టాలో తెలిసినవాళ్లు బల్లకు అవతల కూర్చున్నారు, అంతే.

మధ్యవర్తుల గదిలో మీ ప్రతిభ ఇంకా బాగా కనిపిస్తుంది. అక్కడ క్లబ్బు ఒక అంకె వేస్తుంది, ఆటగాడు ఒక అంకె వేస్తాడు, ముగ్గురు మధ్యవర్తులు రెండిట్లో ఒకదాన్ని ఎంచుకుంటారు. మధ్యస్థంగా తేల్చే వీల్లేదు. ఆటగాడు ఆ గదిలో కూర్చుని ఉంటాడు. అతని ఎదుటే అతని క్లబ్బు లాయర్లు అతను ఎంత తక్కువవాడో రుజువు చేస్తారు. సంతలో ఎద్దును కొనేవాడు వంకలు పెట్టడం సహజం. మీరు మీ కొట్టంలో ఉన్న ఎద్దుకే, మర్నాడు దుక్కికి కట్టవలసిన ఎద్దుకే, దాని చెవిలో పడేలా వంకలు పెట్టగలరు. మిల్వాకీ బ్రూవర్స్ పిచ్చర్ కోర్బిన్ బర్న్స్ 2021లో నేషనల్ లీగ్ ఉత్తమ పిచ్చర్‌కు ఇచ్చే సై యంగ్ అవార్డు తెచ్చుకున్నవాడు. 2023లో అతను 1 కోటి 7.5 లక్షలు అడిగాడు, క్లబ్బు 1 కోటి 10 వేలు అంది. తేడా 7 లక్షల 40 వేలు. క్లబ్బు గెలిచింది. అంతకుముందు ఏడాది జట్టు ప్లేఆఫ్స్‌కు చేరలేకపోవడానికి ముందు వరసలో తననే నిలబెట్టారని అతను బయటికొచ్చి బాధపడ్డాడు. ఈ దెబ్బ ఇద్దరి సంబంధానికి తగిలిందని దాచుకోకుండా చెప్పాడు. మరుసటి ఏడాది ఫిబ్రవరికల్లా అతను బాల్టిమోర్‌లో ఉన్నాడు.

2017లో న్యూయార్క్ యాంకీస్ ఇలాగే డెలిన్ బెటాన్సెస్ మీద గెలిచింది. అతను 50 లక్షలు అడిగాడు, క్లబ్బు 30 లక్షలంది. గెలుపు చాలదని క్లబ్బు అధ్యక్షుడు రాండీ లెవీన్ విలేకరులను పిలిచి, ఆ కోరిక ఎంత అసంగతమో మళ్లీ వివరించాడు. ఇక 2019లో బయటపడిన సంగతి. జీతాల తగువుల్లో మీ అందరి ఉమ్మడి లక్ష్యాలకు బాగా తోడ్పడిన క్లబ్బుకు కుస్తీ ఛాంపియన్లకు ఇచ్చేలాంటి బెల్టు ఏటా బహూకరిస్తూ వచ్చారట. మైదానంలో ఒకరి మీద ఒకరు పోటీపడే ముప్పై క్లబ్బులు, తమ ఆటగాళ్ల జీతం తగ్గించడంలో ఒకరి గెలుపుకు ఒకరు చప్పట్లు కొట్టగలవు. ఇలాంటి ఐకమత్యం కార్మిక సంఘాల్లో కూడా అరుదు.

ఆ ఐకమత్యం నిన్న మొన్నటిది కాదు. 1879లో నేషనల్ లీగ్ పెద్దలు ఒక్కో క్లబ్బు ఐదుగురేసి ఆటగాళ్లను తన పేరున అట్టే పెట్టుకోవాలని, మిగతా క్లబ్బులు వాళ్ల జోలికి పోకూడదని తమలో తాము మాట అనుకున్నారు. ఆ ఐదుగురు క్రమంగా అందరూ అయ్యారు. ఏడాది కాంట్రాక్టు జీవితకాలపు కట్టు అయింది. 1922లో సుప్రీంకోర్టు బేస్‌బాల్ పోటీలు రాష్ట్రాల మధ్య వర్తకం కిందికి రావని, గుత్తాధిపత్య నిరోధక చట్టం దానికి వర్తించదని తీర్పిచ్చింది. ఆ తీర్పు ఇచ్చిన వెసులుబాటును మీరు అర శతాబ్దం పైగా చెక్కుచెదరకుండా కాపాడుకున్నారు.

1969 అక్టోబర్‌లో సెయింట్ లూయిస్ కార్డినల్స్ కర్ట్ ఫ్లడ్‌ను ఫిలడెల్ఫియాకు ఇచ్చేసింది. పన్నెండేళ్లు ఆ జట్టుకు ఆడినవాడు, రెండు ప్రపంచ సిరీస్‌లు గెలిచినవాడు, ఏడాదికి 90 వేల డాలర్లు తెచ్చుకునే నల్లజాతి ఆటగాడు. తన ఇష్టంతో పని లేకుండా కొనడానికీ అమ్మడానికీ తను వస్తువు కాదని కమిషనర్ బోవీ కూన్‌కు ఉత్తరం రాశాడు. కోర్టుకు వెళ్లాడు. పాత తరం నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్ వచ్చి సాక్ష్యం చెప్పాడు. అప్పుడు ఆడుతున్న తారల్లో ఒక్కడూ సాక్ష్యానికి రాలేదు. మీరు నాటిన భయం అంత లోతుగా పాతుకుంది. 1972లో సుప్రీంకోర్టు అయిదుగురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపుగా ఫ్లడ్‌ను ఓడించింది. అప్పటికే అతని ఆట అయిపోయింది. 1975 డిసెంబర్‌లో మధ్యవర్తి పీటర్ సైట్స్ ఇద్దరు పిచ్చర్లకు స్వేచ్ఛ ఇవ్వడంతో ఆ పాత కట్టు తెగింది. తీర్పు చేతికొచ్చిన వెంటనే మీరు సైట్స్‌ను ఉద్యోగంలోంచి తీసేశారు. తీర్పు నచ్చనప్పుడు తీర్పరి ఏమవుతాడో దాచుకోకుండా చూపించారు. ఆ తెగువకూ దణ్ణం.

కట్టు తెగినా మీరు ఓడిపోలేదు. 1986 సీజన్ అయ్యాక ఆండ్రే డాసన్ మాంట్రియల్ జట్టు నుంచి విడుదలై బయటికొచ్చాడు. కృత్రిమ గడ్డి మీద ఆడి ఆడి మోకాళ్లు అరిగిపోయాయి. చికాగోలో పచ్చి గడ్డి మీద, పగటి వెలుగులో ఆడాలని ఆశ. కబ్స్ పిలవలేదు. ఎవరూ గట్టిగా పిలవలేదు. 1987 మార్చిలో అతను ఏజెంటుతో కలిసి అరిజోనాలోని కబ్స్ శిబిరానికి వెళ్లాడు. చేతిలో కాంట్రాక్టు కాగితం. కింద అతని సంతకం ఉంది, జీతం రాయాల్సిన చోటు ఖాళీగా ఉంది. మీకు తోచినంత రాసుకోండి అన్నాడు. క్లబ్బు 5 లక్షలు రాసింది. మాంట్రియల్‌లో అతను అందుకున్నదాంట్లో అది సగం కూడా కాదు. ఆ ఏడాది అతను 49 హోమ్ రన్లు కొట్టాడు. కబ్స్ తన విభాగంలో ఆఖరి స్థానంలో ఉన్నా, లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడిగా అతన్నే ఎన్నుకున్నారు. ఆ కాలంలో వరసగా మూడేళ్లు క్లబ్బులు కూడబలుక్కుని ఆటగాళ్లను పిలవకుండా ఊరుకున్నాయని మధ్యవర్తులు వరసగా తేల్చారు. 1990లో 28 కోట్ల డాలర్లు చెల్లించి ఆ గొడవ ముగించుకున్నారు. ఖాళీ కాగితం ఇచ్చిన మనిషి ముందు కూడా కలం తొణకని చేయి మీది.

మాటల మీద మీకున్న పట్టు కూడా తక్కువది కాదు. బాబీ బొనీయాను తలుచుకోండి. 2000లో మెట్స్ అతనికి 59 లక్షలు ఇచ్చి పంపాలి. ఇవ్వకుండా 8 శాతం వడ్డీ కట్టి, 2011 నుంచి 2035 దాకా ప్రతి జూలై 1న 11 లక్షల 93 వేల 248 డాలర్లు ఇస్తామంది. చేతిలో మిగిలిన డబ్బుకు అంతకన్నా ఎక్కువ వడ్డీ వస్తుందని అప్పటి యజమానుల నమ్మకం. వాళ్ల పెట్టుబడులు బెర్నీ మేడాఫ్ దగ్గర ఉన్నాయి, అది మోసమని 2008లో తేలింది. అయినా ఏటా జూలై 1 వస్తే జనం నవ్వేది బొనీయాను చూసే. లెక్క వేసినవాళ్లు ఆ నవ్వుకు అందకుండా తప్పుకున్నారు.

ఆటగాడి శరీరం అరిగిపోతుందని అతనికన్నా ముందు గుర్తించింది కూడా మీరే. జట్టును కొన్నవాడు ఆటగాళ్ల కాంట్రాక్టుల ధరను యంత్రాల తరుగులాగా ఏటా ఖర్చు రాసుకుని పన్ను తగ్గించుకోవచ్చని కనిపెట్టింది బిల్ వీక్ అనే యజమాని. 2004 నుంచి జట్టు కొన్న ధరలో దాదాపు మొత్తాన్నీ పదిహేనేళ్లలో అలా రాసుకునే వీలు వచ్చింది. మోకాలు డాసన్‌ది, ఆ అరుగుదల మీద పన్ను రాయితీ మాత్రం యజమానిది. జార్జ్ స్టైన్‌బ్రెన్నర్ బృందం 1973లో సుమారు కోటి డాలర్లకు కొన్న యాంకీస్ విలువ ఇవాళ 800 కోట్లు దాటిందని ఫోర్బ్స్ లెక్క. తరుగు రాసుకుంటూనే ఇంత పెరిగే ఆస్తి ఇంకేముంది? అయినా 2022లో కమిషనర్ రాబ్ మన్‌ఫ్రెడ్, జట్టు కొనడంకన్నా స్టాక్ మార్కెట్‌లో పెట్టడమే లాభమన్నట్టు విలేకరులకు చెప్పాడు.

తారలనూ, వాళ్ల సంఘాన్నీ పొగడకుండా వదిలితే న్యాయం కాదు. మార్విన్ మిల్లర్ 1966లో వచ్చి కట్టిన ఆ సంఘం ప్రపంచంలోనే గట్టిది. తనవాళ్లు ఎవరో దానికి స్పష్టంగా తెలుసు. 1980 ఒప్పందంతో 43 రోజులు ఆడినవాడికి కూడా పింఛను వచ్చేలా చేశారు. అంతకుముందు నాలుగేళ్లు నిండక ఆట మానేసినవాళ్లను ఆ నియమం కిందికి తేలేదు. 2011లో వాళ్లకు ఏడాదికి గరిష్ఠంగా 10 వేల డాలర్ల భృతి ఏర్పాటు చేశారు. ఫ్లడ్ కోర్టుకెక్కిన రోజుల్లో బెంచీ మీద కూర్చుని, ఆ తర్వాత ముసలివాళ్లయినవాళ్లు వాళ్లలో ఉన్నారు.

మైనర్ లీగ్ కుర్రాళ్ల సంగతి చెప్పాలంటే నా గొంతు మారుతుంది. 2018లో 2,232 పేజీల బడ్జెట్ బిల్లు మధ్యలో ఒక చిన్న భాగం పెట్టించి, కనీస వేతన చట్టం నుంచి వాళ్లను తప్పించారు. అంత పెద్ద బిల్లులో సరైన పేజీ వెతుక్కోగలిగారు. వసంత శిబిరంలో రోజంతా చెమటోడ్చిన కుర్రాడికి ఆ రోజులకు జీతమే ఉండేది కాదు. ఆ జీతాల మీద వేసిన దావా రాజీకి 2022లో 18.5 కోట్ల డాలర్లు ఒప్పుకున్నారు. ఆ సెప్టెంబర్‌లో ఆ కుర్రాళ్లు సంఘంలో చేరాకే, 2023లో, మొదటి ఉమ్మడి ఒప్పందం దక్కింది.

2021 డిసెంబర్ 2న మీరు గేట్లు మూసి 99 రోజులు లాకౌట్ చేశారు. ఆ రోజే లీగ్ వెబ్‌సైట్‌లో ఆటగాళ్ల ఫొటోలన్నీ తీసేసి, వాటి చోట ఒకేలాంటి బూడిదరంగు నీడబొమ్మలు పెట్టారు. ఆ లాకౌట్ ముగించిన ఒప్పందానికి 2026 డిసెంబర్ 1తో గడువు తీరుతుంది. జీతాలకు పైకప్పు కావాలన్న మాట మీ వైపు నుంచి మళ్లీ వినబడుతోంది. అడగండి, అడిగే నేర్పు మీకుంది. అడిగే ముందు ముప్పై క్లబ్బుల ఖాతాలూ బల్ల మీద పరవండి. టీవీ హక్కుల రాబడి, స్టేడియం చుట్టూ లేచిన హోటళ్ల అద్దెలు, ఊళ్ల పన్నుల్లోంచి స్టేడియాలకు వచ్చిన సొమ్ము, తరుగు కింద తగ్గించుకున్న పన్ను, అన్నీ. అవన్నీ చూశాక కూడా ఆటగాడికే ఎక్కువ పోతోందని తేలితే, పైకప్పు అడిగే హక్కు మీకుందని ఒప్పుకునేవాళ్లలో నేనూ ఉంటాను.